నాలుకకు కరెంటు, తలకు పాట

పోయిన వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. చదివినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. కథ రాసే నాకే ఒక్కోసారి వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వస్తోంది, మీకు మాత్రం అన్నీ గుర్తుంటాయా.

మదనపల్లె టమోటా మార్కెట్లో ధనుంజయ అని ఒక వ్యాపారి. పొద్దున్నే వేలంలో సరుకు కొని, సొంత పికప్పులో వేసుకుని, తానే తోలుకుంటూ తమిళనాడు వైపు పోయి అమ్ముకుంటాడు. మనిషి మంచివాడే, గురకే మంచిది కాదు. ఒకసారి పక్కింటాయన తలుపు కొట్టి, మీ బోరు మోటరు నీళ్లు లేకుండా తిరుగుతోంది, కాలిపోతుంది ఆపండి అని చెప్పిపోయాడు. ఆ ఇంట్లో బోరే లేదు.

భార్య ఉష ఆర్టీసీ కండక్టరు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో డ్యూటీ. రాత్రి నిద్ర లేక పగలు చిల్లర లెక్క తప్పుతుంటే విసిగిపోయి, పుంగనూరులో చెల్లెలు సుమలత ఇంటికి మకాం మార్చేసింది. నీ గురక సంగతి చూసుకుని ఫోన్ చెయ్యి, అప్పుడు వస్తా అని ఒకే ఒక్క మాట అనేసి పోయింది.

అప్పుడు మనవాడు కుప్పం పోయి ముక్కు, గొంతు చూసే డాక్టరును కలిశాడు. ఆ డాక్టరు ఒక చిన్న మిషను చేతికిచ్చాడు. నాలుకకు పైనా కిందా అంటుకునేలా నోట్లో పెట్టుకోవాలి. సెల్‌ఫోన్లో నొక్కితే నాలుకకు సన్నగా కరెంటు వస్తుంది. నాలుక బిగుసుకుంటుంది, వదులవుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. పగలు, మెలకువగా ఉన్నప్పుడు, రోజుకు ఇరవై నిమిషాలు, ఆరు వారాలు. కండ గట్టిపడితే రాత్రి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడదు, గురక తగ్గుతుంది. ఒళ్లు గట్టిపడాలని కుర్రాళ్లు జిమ్ముకు పోవడం లేదా, అలాంటిదే, నాలుకకు. రోజూ పెట్టుకున్నాడా లేదా అన్నది ఫోన్లో పచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కు పుంగనూరులో ఉష ఫోన్లో కూడా కనిపించేలా చెల్లెలు ఏదో నొక్కి పెట్టింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అయితే ధనుంజయ ఆ ఇరవై నిమిషాలకు ఏ వేళ ఎంచుకున్నాడో చూడండి. ఇంట్లో కూర్చుంటే కునుకు వస్తోందట. బండి తోలేటప్పుడు ఫోన్లు ఎత్తాలట. అందుకని సరిగ్గా వేలం జరిగే వేళ, మండీలో, నోట్లో మిషను పెట్టుకుని నిలబడ్డాడు. వేలంలో వ్యాపారి నోరు తెరవాల్సిన పనే లేదు కదా, తల ఊపితే చాలు కదా అని ఆయన లెక్క. తెలివి అంటే తెలివే. ఆ తెలివికి ఫలితం పోయిన వారం చూశాం. వాల్మీకిపురం రైతు వెంకటేశులు తెచ్చిన టమోటాలకు మండీ యజమాని పురుషోత్తం పాట పాడుతుంటే, ధనుంజయ తల ఊగింది. రేటు పెరిగింది, తల మళ్లీ ఊగింది. పక్కనవాళ్లంతా వద్దని వెనక్కి తగ్గినా ఆ తల మాత్రం తగ్గలేదు. ఆ రోజు మార్కెట్లో ఎవరూ పెట్టని రేటుకు ఆ లాటు, అంటే ఆ సరుకంతా, ఆయన పేరు మీద పడింది. పాట అయిపోయిన ఎంతసేపటికో కళ్లు పెద్దవి చేసి చేతులు అడ్డంగా ఊపాడు. నోట్లో మిషను ఉంది, మాట రాదు. అక్కడ ఆపాం.

సరే, ఇక ఈ వారం.

పురుషోత్తం మండీ పెద్ద షెడ్డు. మూడు పక్కలా క్రేట్ల గోడలు, నడుమ వేలం పాడేంత ఖాళీ. ఆ ఖాళీలో ఇప్పుడు వేలం ఆగిపోయింది. వెనక రెండు వ్యాన్లు సరుకుతో ఎండలో నిలబడి ఉన్నాయి. టమోటాకు ఎండ సంగతి తెలుసు కదా, గంట గంటకూ మెత్తబడిపోతుంది. అందుకే అందరికీ చిరాగ్గా ఉంది. కూలీలు క్రేట్లు దించాలో ఎత్తాలో తెలియక చేతులు నడుముకు పెట్టుకుని నిలబడ్డారు.

పురుషోత్తం అరవై దాటిన మనిషి. వేలాలు పాడీ పాడీ గొంతు సగం అరిగిపోయింది. ఆయన మండీలో ఒకే కట్టుబాటు. కాగితం లేదు, సంతకం లేదు, తల ఊపితే మాట ఇచ్చినట్టే. ఊపిన తలను వెనక్కి తీసుకున్నవాడి పేరు ఇక పాటలో ఉండదు. ఆ మండీలో పేరు పోతే పక్క మండీల్లో కూడా పోయినట్టే, ఎందుకంటే అందరూ ఒకే కొట్టు దగ్గర టీ తాగుతారు. ధనుంజయకు ఇది తెలుసు. తెలిసే మనిషి చెమటలు కక్కుతున్నాడు.

నోట్లో మిషను తీసి చేతిలో పట్టుకున్నాడు. నాలుక ఇంకా మొద్దుబారి ఉంది. తాను ఊపలేదు, కరెంటు ఊపింది అని చెప్పడానికి చాలా తంటాలు పడ్డాడు. వినేవాళ్లకు సగం మాటలు చొంగలో కొట్టుకుపోయాయి. పొద్దున్నే తాగి వచ్చినాడని వెనక ఎవరో అన్నారు. దామోదర్ అనే ఇంకో వ్యాపారి ముందుకు వచ్చి నోటి దగ్గర వాసన చూసి, లేదప్పా, ఒట్టి పేస్టు వాసనే అని తీర్పు ఇచ్చాడు. ఈ దామోదర్ ధనుంజయకు పోటీదారుడే కానీ కుప్పం డాక్టరు దగ్గరికి తోడు పోయింది కూడా ఆయనే. మార్కెట్లో స్నేహాలు అలాగే ఉంటాయి.

మిషను చేతులు మారింది. ఒకరు తడిమి చూశారు, ఒకరు ఎండకు ఎత్తి చూశారు. ఇది వంకర పండ్లకు పెట్టే క్లిప్పు కదా అని ఒకరన్నారు. నాలుకకు కరెంటు పెట్టుకున్నోడు టమోటాలకు ఏం పెడతాడో అని ఇంకొకరు. నవ్వులు. నవ్వనివాడు ఒక్కడే, రైతు వెంకటేశులు. పొద్దున్న ఆ రేటు విని ఇంటికి ఫోన్ చేసి చెప్పేసుకున్నాడు. ఇప్పుడు ఆ ఫోన్‌ను జేబులో అదిమి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కరెంటు ఊపిందంటాండావు కదన్నా," అన్నాడు మెల్లిగా. "అట్లయితే ఇంగోసారి పెట్టుకో. అందురూ సూస్తారు."

ఇంతకన్నా న్యాయమైన మాట ఉంటుందా. ధనుంజయ కూడా గబుక్కున ఒప్పుకున్నాడు. రోజుకు ఒకసారే పెట్టుకోవాలని డాక్టరు చెప్పిన సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు, వచ్చినా లాభం లేదు. పురుషోత్తం సీసాలోని నీళ్లతో ధనుంజయ మిషను కడిగి, నాలుకకు తొడిగి, నోరు మూసి, ఫోన్లో నొక్కాడు. మండీ అంతా చుట్టూ మూగింది. కూలీలు క్రేట్ల మీదికెక్కి చూస్తున్నారు.

బుగ్గలు సన్నగా అదిరాయి. గొంతు కింద చర్మం బిగుసుకుంది, వదులైంది. పెదవి మూల నుంచి చొంగ ఒక గీతలా కారి చొక్కా జేబు దాకా వచ్చింది. తల మాత్రం గుంజకు కట్టేసినట్టు కదలకుండా ఉంది.

ఇంకొంచెం పెంచు అన్నాడు దామోదర్. పెంచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల కదల్లేదు. ఇంకా పెంచాడు. చెవులు ఎర్రబడ్డాయి, తల కదల్లేదు. చివరికి ధనుంజయే కాస్త కదిలించబోయాడు. అది కావాలని కదిలించిందని పైనున్న కూలీలకు కూడా తెలిసిపోయి నవ్వేశారు.

వెంకటేశులు మాత్రం దగ్గరికి వచ్చి మొహంలోకి చూశాడు.

"నా టమోటాలకు అట్ల ఊగిన తల, ఇప్పుడు యాల ఊగదన్నా?"

ధనుంజయ మిషను తీసి, మూతి తుడుచుకుని, ఇక మిగిలిన ఒకే దారి పట్టాడు. మా ఇంటామెను పిలవండి, ఆమె ఫోన్లో అన్నీ తెలుస్తాయి, ఆమె చెబితే నమ్ముతారు కదా అన్నాడు. సాక్షిని తానే పిలుచుకున్నాడు, గుర్తుపెట్టుకోండి. పిలిచింది తానే.

ఉష బస్సు అప్పుడే కుప్పం ట్రిప్పు ముగించుకుని మదనపల్లె స్టాండుకు వచ్చి ఉంది. పురుషోత్తం ఫోన్ చేస్తే, ఆయనకు ఏమైంది అని ఒక్కటే అడిగింది. ఏమీ కాలేదమ్మా, నిలబడే ఉండాడు అన్నాక అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్లో వినిపించిందట. డ్రైవరుకు చెప్పి, ఖాకీ చొక్కాతోనే, భుజాన టికెట్ల సంచితోనే ఆటో ఎక్కి వచ్చింది.

ఆమె వచ్చేసరికి ధనుంజయ ఒక బోర్లించిన క్రేటు మీద కూర్చుని ఉన్నాడు. భార్యను చూడగానే కళ్లతోనే బతిమాలాడు. మిషను ఊపిందని చెప్పు, ఒక్క మాట, నా పేరు నిలబడుతుంది. నోరు తెరిచి చెప్పలేదు గానీ, పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు నోరు అక్కర్లేదు.

పురుషోత్తం జరిగింది చెప్పాడు. మండీలో తల ఊపితే అది మాట. ఆ తలను మిషను ఊపింటే మాట కాదు, వదిలేస్తాం. మనిషి ఊపింటే సరుకు ఎత్తాల. సరుకు ఎత్తడు, మిషను ఊపలేదు. మరి ఏం చేయమంటావమ్మా అని అడిగాడు.

ఉష ఎవరెవరు చూశారని అడిగింది. తల ఎట్ల ఊగిందని అడిగింది. దామోదర్ ఊపి చూపించాడు. అట్ల కాదప్పా అని ఇంకొకాయన సరిదిద్దాడు. నిలబడి ఉన్నాడా, ఆనుకుని ఉన్నాడా అని అడిగింది. క్రేట్లకు ఆనుకుని ఉన్నాడు. కండ్లు? టోపీ కిందికి ఉండె, కనబడలే. ఆమె టికెట్ల సంచి భుజం నుంచి తీసి నేల మీద పెట్టింది. ఆ పెట్టడంలోనే ఎంత విసుగుందో నేను రాయలేను.

"ఒప్పుకునే తల పైకి లేసి కిందికి వస్తాది," అంది. "ఈయప్ప తల కిందికి పడి పైకి లేసింది. అది ఊపింది కాదు. నిద్దర."

మండీలో గుసగుసలు. ధనుంజయ లేచి నిలబడ్డాడు. నిద్ర కాదు, నిలబడి ఎవరైనా నిద్రపోతారా, నువ్వు చూశావా అని అరిచాడు. ఎందుకు అరిచాడో మీకు అర్థమై ఉంటుంది. మిషను ఊపిందంటే అది ఒక్కరోజు పొరపాటు. నిద్రపోయాడంటే ఆ తల ఇక ఎప్పుడు ఊగినా, మేలుకుని ఊపిందా, నిద్రలో ఊగిందా అని పాట పాడేవాడు ఆగి చూడాల్సి వస్తుంది. ఆగి చూసే తలకు వేలంలో చోటు లేదు.

ఉషకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసే చెప్పింది.

ఇట్లాంటివి బస్సులో రోజూ చూస్తానని చెప్పింది. స్టాపు దాటిపోతుందని కుదిపి లేపాల్సిన తలలు ఎన్నో. టికెట్టు యాడికని అడిగితే ఊఁ అని తల ఊపి మళ్లీ పడిపోతారు. వాళ్ల మాట నమ్మి టికెట్టు కొడితే నా ఉద్యోగం ఏమవుతుందని అడిగింది. ఇది మీ మండీకి కొత్త, నాకు కాదు అంది.

అప్పుడు పురుషోత్తం ఒక పెద్దమనిషి మాట అన్నాడు. అమ్మా, గురకకు ఇల్లు ఇడిసిపెట్టి పోతారా ఎవురైనా, నువ్వు ఇంట్లో ఉండి సూసుకునింటే ఇంత దూరం వచ్చుండేది కాదు కదా అని. చెడ్డగా అనలేదు. తండ్రి వయసువాడు, ఆ చనువుతో అన్నాడు. ఇన్నాళ్లూ ఊరంతా అనుకుంటున్న మాటే అది. ఉషకు అది తగలాల్సిన చోట తగిలింది.

"గురకకు పోలేదు సామీ నేను," అంది. "గురక వస్తాంటే నాకు నిద్దర పడతాది. ఇన్నేండ్లు దాంట్లోనే పండుకున్న్యా. అది ఆగితే లేసి కూసుంటా."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు చెప్పే ఓపిక కూడా లేనట్టుంది, అయినా చెప్పింది. గురక మధ్యలో ఆగిపోతుంది. గురకతోబాటు ఊపిరీ ఆగిపోతుంది. ఛాతీ ఎగరదు. ఆమె లేచి కూర్చుని చూస్తుంటుంది. కుదిపితే పెద్దగా ఒక్కసారి గాలి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతాడు. పొద్దున్న అడిగితే ఆయనకేమీ తెలియదు, నేను హాయిగా పండుకున్న్యా, నువ్వే యాల మొహం వాచిపోయి ఉండావు అంటాడు. చెబితే నవ్వుతాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే టమోటాలు. సంక్రాంతికి టమోటాలు, ఎండాకాలం టమోటాలు, వానకు టమోటాలు. నేను ఇంట్లో ఉన్నంతకాలం కాపలా ఉంది కదా అని ధీమాగా ఉంటాడు, నేను పోతేనైనా భయపడి డాక్టరు దగ్గరికి పోతాడని పోయినాను అంది.

"పోయినాడు కదక్కా," అన్నాడు దామోదర్. "నేనే తోడు పోయింటి."

ఉష ఆయన వైపు తిరిగింది. డాక్టరు ఏమడిగాడు, ఈయప్ప ఏం చెప్పాడు, అది కూడా సెప్పప్పా అంది.

దామోదర్ గొంతు తగ్గింది. నిద్రలో ఊపిరి ఆగుతుందా అని డాక్టరు అడిగిన మాట నిజమే. లేదు సార్, ఒకసారి కూడా లేదు అని ధనుంజయ గట్టిగా చెప్పిన మాటా నిజమే. పగలు నిద్ర వస్తుందా అంటే, వ్యాపారస్తుణ్ణి సార్, నిద్రకు టైమెక్కడ అన్నాడు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకుంటే వైర్లు పెట్టి చూస్తామని డాక్టరు అంటే, సీజను అయినాక వస్తానని చెప్పి ముందు మిషను ఇప్పించుకుని వచ్చాడు.

చూశారా. నిద్రపోతున్నప్పుడు ఏమవుతుందో చెప్పమని ఆ నిద్రపోయే మనిషినే సాక్షిగా నిలబెట్టారు. తోడు పోయినవాడికి మార్కెట్లో ధనుంజయ ఏం కొంటాడో తెలుసు, రాత్రి ఏమవుతుందో తెలియదు. తెలిసిన ఒక్క మనిషిని ధనుంజయా తీసుకుపోలేదు, ఆసుపత్రివాళ్లూ అడగలేదు. నాకు ఇది రాస్తుంటేనే ఒళ్లు మండిపోతోంది.

ఉష దాచుకున్న ఇంకో సంగతి అప్పుడు బయటపెట్టింది. నిన్న డ్యూటీ మీద కుప్పం పోయినప్పుడు, బస్సు తిరిగి బయలుదేరేలోపు తానే ఆ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు తల పట్టుకున్నాడు. ఆ మిషను ఉత్త గురకకు, తక్కువ జబ్బుకు బాగా పనిచేస్తుందమ్మా, కానీ మీరు చెప్పేది చూస్తే టెస్టు చేయనిదే ఏ మాటా చెప్పలేను, ఆలోపు ఆయన బండి తోలకూడదు అన్నాడు. ఈ రాత్రికే ఒక బెడ్డు చెప్పి పెట్టాడు. ఆ మాట చెప్పడానికి ఆమె పొద్దున్న ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడే ఈయన నోట్లో మిషను పెట్టుకున్నాడు కాబట్టి ఎత్తలేదు.

బండి తోలకూడదు అన్న మాట దగ్గర వెంకటేశులు తలెత్తాడు. ఆ పికప్పు ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగడం ఆయన చాలాసార్లు చూసి ఉన్నాడు.

ఇంత జరుగుతుంటే మన ధనుంజయ ఏం చేస్తున్నాడని అడగరేం. వాదించి వాదించి క్రేటు మీద కూర్చున్నాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుని ఎవరూ కదిలించలేదు. ఉష డాక్టరు మాట చెప్పడం ముగించేసరికి, షెడ్డులో ఒక శబ్దం లేచింది.

మొదట సన్నగా. తర్వాత రేకులు అదిరేలా.

తన పేరు ఉంటుందా పోతుందా అని తేల్చే పంచాయితీలో, తన భార్య తన ఊపిరి గురించి చెబుతుండగా, పట్టపగలు, ధనుంజయ నిద్రపోయాడు. కూలీలు పగలబడి నవ్వారు. దామోదర్ నవ్వాడు. అంత విసుగులోనూ పురుషోత్తం మీసం కింద నవ్వు వచ్చింది. ఒకడు పాట పాడినట్టు, గురక ఒకటోసారి, గురక రెండోసారి అని మొదలుపెట్టాడు.

గురక ఆగింది.

లేపడానికి దామోదర్ చెయ్యి చాపాడు. ఉష ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వినమన్నట్టు వేలు ఎత్తింది.

వినడానికి ఏమీ లేదు. అదే ఆమె వినమన్నది. నవ్వినవాళ్లు నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక ఆపేశారు. ధనుంజయ పొట్ట ఎగరాలని చూస్తోంది, లోపలికి మాత్రం గాలి పోవడం లేదు. పెదవుల రంగు మారుతోందని ముందున్నవాళ్లకు కనిపించింది. మార్కెట్లో అన్ని మండీలూ గోల పెడుతున్నా ఆ షెడ్డులో మాత్రం ఎవరూ కదల్లేదు. పురుషోత్తం తనకు తెలియకుండానే తానూ ఊపిరి బిగబట్టి, ఇక పట్టలేక వదిలేశాడు. క్రేటు మీది మనిషి ఇంకా పీల్చుకోలేదు.

"లేపమ్మా," అన్నాడు పురుషోత్తం. "లేపు తల్లీ."

ఉష భుజం పట్టి కుదిపింది. నీళ్లలో నుంచి తేలినవాడిలా ధనుంజయ పెద్దగా గాలి పీల్చుకుని కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు. అందరి మొహాలూ అలా ఎందుకున్నాయో అర్థం కాక, పాట యాల ఆపినారప్పా అని అడిగాడు.

వాల్మీకిపురం వెంకటేశులు తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చాడు, మూతి తుడుచుకోమని.

పురుషోత్తం తీర్పు చెప్పాడు. నిద్రలో ఊగిన తలకు పాట లేదు. వెంకటేశులు లాటు మళ్లీ పాడతా. ఇక ధనుంజయ సంగతి. మేలుకుని ఉన్నాడని కుప్పం డాక్టరు చెప్పేదాకా ఆయన తల ఈ మండీలో చెల్లదు. అయితే పాత మనిషి, పేరు ఉట్టినే కొట్టేయలేను. ఆయన పేరు మీద ఊపడానికి మేలుకుని ఉండే తల ఒకటి చూపించమనండి. ఆ తల పొద్దుటి రేటుకే ఈ లాటు ఎత్తుకుంటే, ధనుంజయ మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. పేరు ఉంటుంది. లేదంటే ఈ లాటుతోనే పేరు కూడా పోతుంది.

ఎవరి తల అని అందరూ అటూ ఇటూ చూసుకున్నారు. దామోదర్ పోటీదారుడు, పనికిరాడు.

"ఆయమ్మ ఉండాది కదా," అన్నాడు వెంకటేశులు.

ఆ మండీ కట్టిన నాటి నుంచి ఒక ఆడమనిషి తల పాటకు ఊగింది లేదు. ధనుంజయే ముందు అడ్డం పడ్డాడు. ఆమెకు సరుకు తెలుసా, రేటు తెలుసా, అయినా మగోణ్ణి నేను బతికి ఉండంగా అన్నాడు. బతికి ఉండంగా అన్న మాట దగ్గర ఎవరూ ఆయన కళ్లలోకి చూడలేదు.

పురుషోత్తం పాట మొదలుపెట్టేశాడు. ఎండ ఎక్కుతోంది, ఆయన ఎవరి కోసం ఆగుతాడు. అప్పటికే చాలామంది సరుకు కొనేసి ఉన్నారు. దామోదర్ రెండుసార్లు తల ఊపి ఆగిపోయాడు. పొద్దుటి రేటుకు చాలా కింద. వెంకటేశులు ఎవరి వైపూ చూడటం లేదు, తన టమోటాల వైపు చూస్తున్నాడు. పొద్దున్న ఫోన్లో ఇంటికి చెప్పిన మాట ఇప్పుడు ఎలా మార్చి చెప్పాలో వెతుక్కుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

"ఒకటోసారి," అన్నాడు పురుషోత్తం.

ధనుంజయ క్రేటు మీది నుంచి లేచి ఉష పక్కకు వచ్చాడు. పేరు పోతుందని అప్పటికి బుర్రకెక్కినట్టుంది. ఊపు అన్నాడు మెల్లిగా. ఆమె కదల్లేదు. పొద్దుటి రేటుకే ఊపు, నష్టమైతే అవుతుంది, ఊపు ఉషా అన్నాడు.

"రెండోసారి."

ఉష నేల మీది టికెట్ల సంచి ఎత్తి భుజాన వేసుకుంది.

"నా బస్సు ఇంగ కొంచెం సేపటికి కుప్పం పోతాది," అంది. "పికప్పు తాళాలు దామోదరన్న చేతికిచ్చి, నా బస్సు ఎక్కి వచ్చి, ఈ రాత్రి ఆ బెడ్డు మీద పండుకుంటావా? నోటితో సెప్పొద్దు. నోటితో శానా సెప్పినావు. నువ్వు తల ఊపితే, నేను ఊపుతా."

పురుషోత్తం నోరు తెరిచి, మూడోసారి అనే మాట గొంతులోనే పట్టి నిలబడ్డాడు. ఇందాక చెల్లదని తానే చెప్పిన ఆ తల వైపు, మండీ అంతటితోపాటు ఆయన కూడా తిరిగి చూశాడు.